"టెన్షన్ పడితే బిడ్డకు తెలివి తగ్గుతుంది": ఈ వాక్యం కరపత్రంలో ఉంచాలా, కొట్టేయాలా?

#1 · బస్తీ_కరపత్రం

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో మా బస్తీ దవాఖానాలో నెలకోసారి గర్భిణులకు పెట్టే మీటింగ్ కోసం ఒక కరపత్రం తిరగరాస్తున్నాం. పాతదాంట్లో మూడో వాక్యం ఇది: "గర్భిణి టెన్షన్ పడితే పుట్టే బిడ్డకు తెలివి తగ్గుతుంది, కాబట్టి ఎప్పుడూ సంతోషంగా ఉండాలి."

ఉంచాలా, మార్చాలా, కొట్టేయాలా? మార్చాలంటే ఆ స్థానంలో ఏం రాయాలి? చదివేవాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, బాలానగర్ వైపు ప్యాకింగ్ పనికి పోయేవాళ్ళు, కొంతమంది రాత్రి క్యాబ్ ఎక్కి గచ్చిబౌలి పోయేవాళ్ళు. ఒకటే కాగితం, రెండు వైపులా, పెద్ద అక్షరాలు. వైద్యం, ఆరోగ్యం రంగాల్లో పనిచేసేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా, ఆధారాలతో చెప్పండి.

#2 · పురుడుగది

కొట్టేయండి. ఆ వాక్యం చదివిన ఆమెకు ఉన్న బెంగ చాలదన్నట్టు "అయ్యో, బెంగపడి బిడ్డను పాడు చేస్తున్నానే" అని ఇంకో బెంగ పట్టుకుంటుంది. ఇంట్లోవాళ్ళకేమో, రేపు బిడ్డకు మాట ఆలస్యమైతే "నువ్వప్పుడు ఏడుస్తూ కూర్చున్నావు కాబట్టే" అనడానికి అచ్చులో ఆధారం దొరుకుతుంది.

అసలు మన వాడుకలో టెన్షన్ అనే మాట ఒక గంప. ఆటో దొరక్కపోవడం టెన్షనే. స్కానింగ్ రిపోర్టు చేతికొచ్చేదాకా కడుపులో తిప్పడం టెన్షనే. మొగుడు తాగొచ్చి కొట్టడమూ టెన్షనే. రెండు నెలలుగా ఏదీ చేయబుద్ధి కాక గోడవైపు తిరిగి పడుకోవడాన్ని కూడా అదే మాటతో చెబుతారు. మొదటి రెండూ బిడ్డ దాకా చేరేవి కావు. చివరి రెండూ పట్టించుకోవాల్సినవి. ముందు ఆ గంప విప్పండి, వాక్యం దానంతటదే వస్తుంది.

#3 · మాయపొర

జీవక్రియ వైపు నుంచి కాస్త వివరంగా.

తల్లికి భయమో ఆందోళనో కలిగితే మెదడులోని హైపోథాలమస్ నుంచి సీఆర్‌హెచ్, దాని తాకిడికి పిట్యూటరీ నుంచి ఏసీటీహెచ్, దాంతో కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను, ఇలా వరసగా హార్మోన్లు వస్తాయి. ఇది అందరికీ తెలిసిన వరసే. కడుపుతో ఉన్నప్పుడు తేడా ఏమిటంటే, తల్లికీ బిడ్డకూ మధ్య మాయ (ప్లాసెంటా) ఉంటుంది. ఆ మాయలో 11-బీటా-హెచ్‌ఎస్‌డీ2 అనే ఎంజైమ్ కావలి కాస్తుంది. తల్లి రక్తంలోంచి వచ్చే కార్టిసాల్‌లో పదింట ఎనిమిది తొమ్మిది వంతుల్ని కార్టిసోన్ అనే పనిచేయని రూపంలోకి మార్చేస్తుంది. అందుకే ఒక రోజు గొడవ, ఒక వారం పరీక్షల హడావిడి బిడ్డ దాకా పోవు.

దాటి వెళ్ళే ఆ కొద్ది భాగం విషం కాదు. చివరి నెలల్లో ఊపిరితిత్తులు పక్వం కావాలంటే కార్టిసాల్ కావాలి. నెలలు నిండకముందే నొప్పులు వచ్చేలా ఉంటే తల్లికి డెక్సామెథాసోన్ 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకటి, మొత్తం 4 ఇంజెక్షన్లు చేసేది ఇందుకే. ఆ మందును మాయలోని కావలి సరిగా ఆపలేదు, అదే దాని సుగుణం.

కావలి ఎప్పుడు సడలుతుంది? నెలల తరబడి తెగని తీవ్ర ఆందోళన ఉన్న తల్లుల మాయలో ఈ ఎంజైమ్ పనితనం తక్కువగా కనిపించింది. గర్భాశయానికి రక్తం తెచ్చే ధమనుల్లో నిరోధం పెరగడం ఇంకో దారి. కానీ నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద దారి హార్మోనుది కాదు. దిగులుతో ఉన్నామె తినదు, నిద్రపోదు, ఐరన్ మాత్ర మింగదు, చెకప్‌కు రాదు, కొందరైతే గుట్కా మానలేరు. బరువు తక్కువ బిడ్డ, నెలలు నిండని కానుపు ఎక్కువగా ఈ దారిన వస్తాయి. ఎదుగుదలలో తర్వాత కనిపించే చిక్కుల్లో చాలా భాగానికి మొదలు అక్కడే.

"ఏ నెలలో ఎక్కువ ప్రమాదం" అని అడుగుతుంటారు. వెన్నుపాము, మెదడు మొలిచే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. అక్కడ కావాల్సింది ఫోలిక్ యాసిడ్. మెదడు లోపలి అల్లిక మాత్రం నెలలు నిండేదాకా, పుట్టాక ఏళ్ళ తరబడి సాగుతూనే ఉంటుంది. ఒక్క నెలను వేలుపెట్టి చూపించలేం.

#4 · లెక్కతప్పని

సంఖ్యలు లేకుండా ఈ చర్చ ఎటూ తేలదు.

బ్రిటన్‌లో బ్రిస్టల్ చుట్టుపక్కల 1991-92లో మొదలుపెట్టి సుమారు 14,000 గర్భాలను వెంబడించిన పెద్ద అధ్యయనం ఉంది, ఏవన్ అధ్యయనం అంటారు. 32 వారాల దగ్గర ఆందోళన స్కోరులో పై 15 శాతంలో ఉన్న తల్లుల పిల్లల్ని నాలుగేళ్ళ వయసులో చూస్తే ప్రవర్తన, భావోద్వేగ సమస్యలు దాదాపు రెట్టింపు కనిపించాయి. "రెట్టింపు" అనగానే గుండె జారుతుంది. అసలు అంకె చూడండి: మామూలుగా 5-6 శాతం ఉండేది 10-12 శాతం అయింది. అంటే బాగా ఆందోళన ఉన్న తల్లుల పిల్లల్లోనూ వందకు దాదాపు 90 మందికి ఆ సమస్యలు లేవు. మీ పాత కరపత్రం "తగ్గుతుంది" అని తీర్పు చెప్పేసింది. ఈ అంకె ఆ తీర్పును మోయదు.

రెండోది. బెంగపడే స్వభావం జన్యువుల్లోనూ వస్తుంది కదా, కడుపులో వాతావరణం వల్ల వచ్చిందో తల్లి జన్యువుల్లోంచి వచ్చిందో ఎలా విడదీస్తారు? దానికో చక్కటి ఉపాయం చేశారు. ఐవీఎఫ్‌లో వేరే స్త్రీ అండంతో పుట్టిన పిల్లల్ని, సొంత అండంతో పుట్టినవాళ్ళని పోల్చారు, 2010లో ఫలితాలు వచ్చాయి. తక్కువ బరువుకు, దుడుకు ప్రవర్తనకు తల్లి ఒత్తిడితో సంబంధం రెండు గుంపుల్లోనూ ఉంది. ఏడీహెచ్‌డీ (నిలకడ లేని అతి చురుకుదనం) లక్షణాలకు మాత్రం సొంత అండం గుంపులోనే ఉంది, అంటే అక్కడ కడుపు కంటే వంశం పాత్ర ఎక్కువ. అన్నిటినీ టెన్షన్ ఖాతాలో రాయకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మూడోది కెనడాలోని క్యుబెక్‌లో 1998 జనవరి మంచు తుఫాను. కరెంటు కొందరికి 45 రోజుల దాకా లేదు. తుఫాను ఎవరి స్వభావం చూసి రాదు కాబట్టి ఇది పరిశోధకులకు దొరికిన అరుదైన అవకాశం. అప్పుడు కడుపులో ఉన్న పిల్లల్ని ఏళ్ళ తరబడి చూస్తే, ఎక్కువ కష్టాలు పడ్డ ఇళ్ళ పిల్లల సగటు భాషా, మేధో స్కోర్లు తక్కువగా ఉన్నాయి. అంటే ప్రభావం ఉంది, లేదనడం కూడా తప్పే. కానీ అక్కడ కొలిచింది చలిలో, చీకట్లో, ఇల్లు వదిలి గడిపిన రోజుల్ని.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న స్త్రీలలో ఒక మోస్తరు ఒత్తిడి ఉన్నవాళ్ళ పిల్లలు రెండేళ్ళకు కదలికల్లో, తెలివిలో కొంచెం ముందున్నట్టు 2006లో అమెరికా నుంచి ఒక అధ్యయనం వచ్చింది. అది చూసి టెన్షన్ పెంచుకోమని కాదు, మామూలు ఉరుకులు పరుగులకు భయపడక్కర్లేదని.

#5 · చక్రవ్యూహం

మరి అభిమన్యుడు? కడుపులో ఉండగా వింటాడనే కదా మన పెద్దలు చెప్పింది. ఊళ్ళో గర్భసంస్కారం ప్యాకేజీలు వేలల్లో అమ్ముతున్నారు. పొట్ట మీద పెట్టే స్పీకర్లు కూడా.

#6 · మాయపొర

వినడం నిజమే. 24-25 వారాల నుంచి శబ్దానికి స్పందన మొదలవుతుంది, పుట్టిన బిడ్డ తల్లి గొంతును మిగతా గొంతుల నుంచి గుర్తుపడుతుంది. దానికి స్పీకర్ ఎందుకు? తల్లి మాట్లాడితే చాలు, ఆమె గొంతు లోపలికి ఎలాగూ చేరుతుంది. పొట్టకు ఆనించి పెద్ద శబ్దం పెట్టడం అనవసరం. పాట పాడుకుంటే, ధ్యానం చేసుకుంటే ఆమెకు హాయి, మంచిదే. డబ్బు కట్టకపోతే బిడ్డ వెనకబడతాడని భయపెట్టి అమ్మేవాళ్ళతోనే పేచీ.

అన్నట్టు ఆ కథలో సుభద్ర మధ్యలో నిద్రపోయిందని అందరూ నిందిస్తారు. నెలలు నిండుతున్నామెకు వ్యూహరచన చెబుతూ కూర్చున్న పెద్దమనిషిని ఎవరూ ఏమీ అనరు.

#7 · ఆశక్క

గిదంతా మంచిగనే ఉంది గని, బస్తీల "మీకు ఒత్తిడి ఉందా" అనడిగితే ఒక్కరు చెప్పరు. "ఒత్తిడి" అంటే గుండె నొప్పి అనుకుంటరు. మా దిక్కు మాటలు రంది, మనాది, పరేషాన్. "ఏం రంది పెట్టుకున్నవ్ బిడ్డా" అంటే నోరు విప్పుతరు.

ఆశాలకు నేర్పేటప్పుడు చెప్పే తరీఖ ఇది. ఇంట్ల అడగొద్దు. అత్త పక్కకే కూసుంటది, మొగుడు తలుపు కాడ నిలబడి ఫోన్ చూస్కుంట ఇంటనే ఉంటడు. బరువు చూసేటప్పుడు, మూత్రం డబ్బా ఇచ్చేటప్పుడు ఒక్కతే దొరుకుతది, అప్పుడే అడగాలె. ముందు ఒంటి సంగతి: నిద్ర మంచిగ పడుతుందా, ఆకలైతుందా, అన్నం సయిస్తుందా. తర్వాత మనసు సంగతి: ఇదివరకు ఇష్టంగ చేసేటి పని ఇప్పుడు చెయ్య బుద్ధైతుందా. ఆఖర్న ఇంటి సంగతి: ఇంట్ల ఎవరన్న చెయ్యి చేసుకుంటుండ్రా. ఈ ఆఖరిది తలొంచుకుని రాస్కుంట అడగొద్దు, పెన్ను కింద పెట్టి మొకం చూసి అడగాలె. ఏడిస్తే "ఏడ్వకు, బిడ్డకు మంచిది కాదు" అనొద్దు. ఆ మాట అన్నంక మల్ల నెల ఆమె మీటింగుకు రాదు.

#8 · ఎర్రగడ్డ_పక్కవీధి

ఆశక్క చెప్పింది బంగారం. దానిపైన స్కోరు చేసే పద్ధతి జోడిస్తాను.

తొలి వడపోతకు రెండు ప్రశ్నలు చాలు. గత 2 వారాల్లో పనుల మీద ఆసక్తి లేకపోవడం, దిగులుగా నిస్సహాయంగా అనిపించడం. ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 3 లేదా ఎక్కువ వస్తే పూర్తి ప్రశ్నావళికి వెళ్ళాలి. గర్భిణులకూ బాలింతలకూ ఎక్కువగా వాడేది 1987లో వచ్చిన ఎడిన్‌బరో స్కేలు. 10 ప్రశ్నలు, గత 7 రోజుల గురించి, మొత్తం 30. సాధారణంగా 10 లేదా ఎక్కువ వస్తే మళ్ళీ పిలిచి చూడటం, 13 లేదా ఎక్కువ వస్తే డాక్టరు దగ్గరికి పంపడం.

ఇందులో జరిగే తప్పులు చెబుతాను, ఎందుకంటే శిక్షణల్లో ఇవి చెప్పరు. ఒకటి, 1, 2, 4 ప్రశ్నలకు జవాబులు పైనుంచి కిందికి 0, 1, 2, 3. మిగతా ఏడింటికి తలకిందులు: 3, 2, 1, 0. అన్నిటికీ ఒకేలా వేస్తే బాగున్నామెకు ఎక్కువ స్కోరు, బాగోలేనామెకు తక్కువ స్కోరు వస్తుంది. రెండు, 7వ ప్రశ్న నిద్ర గురించి కాదు, దిగులు వల్ల నిద్ర పట్టకపోవడం గురించి. బిడ్డ తన్నుళ్ళకో మాటిమాటికీ మూత్రానికో లేస్తే దానికి మార్కు వేయకూడదు. మూడు, 10వ ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. అక్కడ 0 తప్ప ఏ జవాబు వచ్చినా మొత్తం స్కోరు 4 అయినా సరే, అదే రోజు డాక్టరు చూడాలి, ఆమెను ఒంటరిగా ఇంటికి పంపకూడదు. నాలుగు, 3, 4, 5 ప్రశ్నలు ఆందోళనవి. మొత్తం 8 వచ్చి అందులో 6-7 ఈ మూడింట్లోనే ఉంటే "పదిలోపే కదా" అని వదిలేయొద్దు.

స్కోరు జబ్బు నిర్ధారణ కాదు. పంపాలా వద్దా అన్నదానికి గుర్తు మాత్రమే.

పంపేచోట ఈ ఊళ్ళో ఒక చిక్కుంది. మానసిక వైద్యశాల ఉన్న "ఎర్రగడ్డ" అన్న మాట తిట్టుగా మారిపోయింది కాబట్టి ఆ పేరు వింటేనే ఇల్లంతా వెనక్కి తగ్గుతుంది. గాంధీ, ఉస్మానియాల్లో కూడా సైకియాట్రీ ఓపీ ఉంది, చీటీ మీద అది రాస్తే వెళ్తారు. ఫోన్‌లో అయితే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మందుల సంగతి రెండే ముక్కలు. ఇదివరకే డిప్రెషన్‌కు మాత్రలు వాడుతున్నామె నెల తప్పగానే సొంతంగా ఆపేయడం మేం చూసే అతి పెద్ద తప్పు. జబ్బు తిరగబెడుతుంది, అది బిడ్డకూ నష్టమే. డాక్టరుతో మాట్లాడి తక్కువ ఇబ్బంది ఉన్న మందుకు మారవచ్చు. ఒక్క వాల్‌ప్రోయేట్ విషయంలో కఠినంగా ఉండాలి. అది పుట్టుకతో లోపాలకు, పిల్లల తెలివి తగ్గడానికి నిజంగా కారణమవుతుంది. మూర్ఛకో మూడ్‌కో అది వాడే స్త్రీ గర్భం అనుకునే ముందే మార్పించుకోవాలి. అప్పటికే గర్భం వచ్చి ఉంటే కూడా తనంతట తను ఆపకుండా వెంటనే డాక్టరు దగ్గరికి.

#9 · బస్తీ_కరపత్రం

మందులు అక్కర్లేనివాళ్ళకు ఆశా స్థాయిలో చేయగలిగింది ఏదైనా ఉందా? లేక అంతా రిఫరలేనా?

#10 · ఎర్రగడ్డ_పక్కవీధి

ఉంది, రుజువైంది కూడా. పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామాల్లో మన ఆశాల్లాంటి కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, డిప్రెషన్ ఉన్న గర్భిణుల ఇళ్ళకు చివరి నెల నుంచి బిడ్డకు 10 నెలలు వచ్చేదాకా 16 సార్లు పంపారు. 2008లో ఫలితాలు వచ్చాయి. బిడ్డకు 6 నెలలప్పుడు చూస్తే, మామూలుగా వెళ్ళొచ్చిన గుంపులో 53 శాతం తల్లులకు డిప్రెషన్ ఉంటే, ఈ గుంపులో 23 శాతమే. పిల్లలకు విరేచనాలు తగ్గాయి, టీకాలు ఎక్కువమందికి పూర్తయ్యాయి. తర్వాత గోవాలో తోటి మహిళల చేతే ఇదే పని చేయించి చూశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో దాన్ని అందరూ వాడుకునే మాన్యువల్‌గా ఇచ్చింది.

పని చేసే తీరు తేలిక. ఆమె నోట్లోంచి వచ్చే మాటను పట్టుకోవాలి, ఉదాహరణకు "నా రాత ఇంతే, తిన్నా తినకపోయినా ఒకటే". దాని పక్కన ఇంకో మాట పెట్టాలి: "రెండు ముద్దలు తిన్న రోజు కాళ్ళు వణకలేదు కదా". ఆ వారానికి ఒక చిన్న పని ఇచ్చి రావాలి, మళ్ళీ వెళ్ళినప్పుడు అయిందా అని అడగాలి. తన ఒళ్ళు, బిడ్డ, చుట్టూ ఉన్న మనుషులు, ఈ మూడింటి చుట్టూనే పనులన్నీ. ఇంట్లో ఒకరిని, వీలైతే అత్తనే, ఇందులో భాగం చేస్తారు.

#11 · పురుడుగది

కరపత్రంలో తప్పక ఉండాల్సిన ఇంకో సంగతి: టెన్షన్ అనుకుని వదిలేసే జబ్బులు.

"టెన్షన్ వల్ల బీపీ పెరిగింది, రెస్ట్ తీసుకో" అన్న మాట ఎంతమంది ప్రాణం మీదికి తెచ్చిందో లెక్కలేదు. 20 వారాలు దాటాక బీపీ 140/90 వస్తే అది గుర్రపువాతానికి (గర్భిణికి వచ్చే ఫిట్స్) దారితీసే జబ్బు కావచ్చు. మూత్రంలో ప్రొటీన్ చూడాలి, 4 గంటల తేడాతో మళ్ళీ కొలవాలి. 160/110 అయితే ఎదురుచూడటం లేదు, 108. తగ్గని తలనొప్పి, కళ్ళు మసకలు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి ఉంటే అది టెన్షన్ తలనొప్పి అని జండూబామ్ రాయొద్దు. కొలిచేటప్పుడు కూడా జాగ్రత్త: మెట్లెక్కి రాగానే కాకుండా 5 నిమిషాలు కూర్చోబెట్టి, చేతిని గుండె ఎత్తులో పెట్టి, జాకెట్టు చెయ్యి మీద కాకుండా ఒంటికి పట్టీ చుట్టి.

గుండెదడ, ఆయాసం, నీరసం ఉన్నామెకు ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్‌కు చేసే టీఎస్‌హెచ్ చూడండి. 11 కంటే తక్కువ హిమోగ్లోబిన్ రక్తహీనత, 7 కంటే తక్కువైతే ఆసుపత్రి. థైరాయిడ్ తక్కువైతే మందకొడితనం, దిగులు అచ్చం డిప్రెషన్‌లానే ఉంటాయి. సరిచేయని థైరాయిడ్ లోపం బిడ్డ మెదడుకూ మంచిది కాదు, రోజుకో చిన్న మాత్రతో సరిపోయేదాన్ని టెన్షన్ అని వదిలేస్తే ఎలా?

బిడ్డ కదలికలు ఎప్పటికంటే తగ్గితే "నువ్వు ఏడ్చావు, లోపల బిడ్డ అలిగింది" అంటారు. 28 వారాలు దాటాక కదలిక తగ్గితే అదే రోజు ఆసుపత్రికి, అంతే.

#12 · తార్నాక_పప్పుచారు

ఐరన్ మాత్రల గురించి పొడిగా నాలుగు మాటలు. 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్ర, నాలుగో నెల నుంచి రోజుకొకటి, కనీసం 180 రోజులు. కానుపయ్యాక మరో 180. కాల్షియం 500 మి.గ్రా. రోజుకు రెండు, కానీ ఐరన్‌తో కలిపి వేసుకోకూడదు, ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. ఇక ఈ ఊళ్ళో అసలు శత్రువు చాయ్. మాత్ర వేసుకుని చాయ్ తాగితే ఐరన్ సగం కూడా ఒంటికి పట్టదు. గంట తేడా ఉండాలి. నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంటే మేలు. మలం నల్లగా వస్తే భయపడి మానేస్తారు, అది మామూలే అని ముందే చెప్పండి.

2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణికి అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మి.లీ. పాలతో ఒక పూట భోజనం ఉంది. అక్కడే కూర్చుని తినాలి. మధ్యాహ్నం దాకా నాలుగిళ్ళలో పనిచేసే ఆమెకు అదెలా కుదురుతుందో కూడా ఆలోచించండి, వేళ గురించి టీచరుతో మాట్లాడి పెడితే కరపత్రంలో రాసిన పది వాక్యాలకంటే ఎక్కువ పని అవుతుంది.

గ్రహణం రోజు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనివ్వకుండా కదలకుండా పడుకోబెడతారు. గ్రహణమొర్రికి గ్రహణంతో సంబంధం లేదు. నీళ్ళు తాగనివ్వండి.

#13 · ఫుల్‌బాడీ_ప్యాకేజ్

కార్టిసాల్ టెస్ట్ ఇప్పుడు అన్ని ల్యాబుల్లో ఉంది కదా? గర్భిణులందరికీ ఒకసారి చేయిస్తే ఎవరికి ఒత్తిడి ఎక్కువో తేలిపోతుంది.

#14 · మాయపొర

తేలదు, అనవసరంగా హడలిపోతారు. గర్భంలో ఈస్ట్రోజన్ పెరిగి కార్టిసాల్‌ను మోసుకుపోయే ప్రొటీన్‌ను పెంచుతుంది, మాయ కూడా సొంతంగా సీఆర్‌హెచ్ తయారు చేస్తుంది. అందుకే చివరి నెలలకు మొత్తం కార్టిసాల్ మామూలు కంటే 2-3 రెట్లు ఉండటం సహజం. ల్యాబు కాగితం మీద అచ్చువేసిన హద్దులు గర్భం లేనివాళ్ళవి, కాబట్టి అందరికీ "హై" అనే వస్తుంది. పైగా పొద్దున ఎక్కువ, రాత్రికి తక్కువ. ఆశక్క అడిగే మూడు ప్రశ్నలు దీనికంటే బాగా చెబుతాయి, ఖర్చు సున్నా.

#15 · షిఫ్టు_రిజిస్టర్

పని సంగతి. ప్యాకింగ్ యూనిట్ల వాళ్ళకు ఈఎస్ఐ కార్డు ఉందో లేదో ముందు అడగండి. అంతకుముందు రెండు చందా కాలాల్లో 70 రోజుల చందా పడి ఉంటే 26 వారాల ప్రసూతి భత్యం వస్తుంది. ఈఎస్ఐ లేనిచోట, 10 మంది లేదా ఎక్కువమంది పనిచేసే సంస్థల్లో సామాజిక భద్రతా కోడ్ (2025 నవంబరు దాకా ప్రసూతి ప్రయోజనాల చట్టం) కింద, ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, అందులో 8 వారాలు కానుపుకు ముందే వాడుకోవచ్చు. మూడో కానుపు నుంచి 12 వారాలు.

రాత్రి షిఫ్టు మార్పించుకోవాలంటే నోటిమాటగా కాకుండా ఉత్తరంగా అడగాలి, డాక్టరు చీటీ జతచేసి. చీటీలో "విశ్రాంతి అవసరం" అని రాస్తే హెచ్ఆర్ దాన్ని సెలవు కింద జమ కడుతుంది. "ఇన్ని వారాల గర్భం, రాత్రి పని వద్దు, బరువులెత్తే పని వద్దు, గంటల తరబడి నిలబడే పని వద్దు, ఫలానా తేదీ దాకా" అని రాయించుకోవాలి. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు ఈ చట్టాలేవీ వర్తించవు. అది మీ కరపత్రం తీర్చే లోటు కాదు గానీ, తెలిసి ఉండాలి.

#16 · చిన్నారి_అడుగు

అందరూ కానుపు దగ్గరే ఆగిపోయారు. కరపత్రం పొందిన వాళ్ళలో కొందరు నిజంగానే కష్టాల్లో నెలలు మోసి ఉంటారు. వాళ్ళకు ఏం చెబుతారు?

ఉమ్మనీటిలో కార్టిసాల్ కొలిచి, ఆ పిల్లల్ని 17 నెలలకు చూసిన అధ్యయనం ఒకటి 2010లో వచ్చింది. తల్లితో అనుబంధం గట్టిగా లేని పిల్లల్లో, ఉమ్మనీటి కార్టిసాల్ ఎక్కువ ఉన్నకొద్దీ తెలివి స్కోరు తక్కువ. అనుబంధం గట్టిగా ఉన్న పిల్లల్లో ఆ సంబంధమే కనిపించలేదు. పుట్టాక చేసేదానికి అంత బలముంది.

చేసేది ఏమిటంటే: బరువు తక్కువ బిడ్డను రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు ఆనేలా నిలువుగా కట్టుకోవడం, అదే కంగారూ పద్ధతి. తండ్రి కూడా చేయొచ్చు, అమ్మమ్మ కూడా. స్నానం పోసేటప్పుడు, కాళ్ళ మీద పడుకోబెట్టినప్పుడు మొహం చూసి మాట్లాడటం. బిడ్డ "ఊఁ" అంటే ఆగి, తిరిగి "ఊఁ" అని, మళ్ళీ బిడ్డ వంతు కోసం ఆగడం. ఆ ఆగడమే ముఖ్యం, చాలామంది వరసబెట్టి మాట్లాడేస్తారు. ఉంగా ఉంగా అని మన ముసలమ్మలు చేసేది సరిగ్గా ఇదే, ఫోను చేతికి వచ్చాక తగ్గింది.

చూసుకోవాల్సినవి: 2 నెలలకు మనల్ని చూసి నవ్వు, 4 నెలలకు మెడ నిలబడటం, 9 నెలలకు ఆనుకోకుండా కూర్చోవడం. ఏడాదికి "తాతా, బబ్బా" లాంటి శబ్దాలైనా లేకపోతే, ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోతే, రెండేళ్ళకు "అమ్మా పాలు" లాంటి రెండు మాటల జత లేకపోతే చూపించాలి. "మగపిల్లలకు మాట ఆలస్యం, వాళ్ళ నాన్నకూ అంతే" అని కూర్చోవద్దు. ముందు వినికిడి పరీక్ష.

నెలలు నిండక పుట్టిన బిడ్డకు వయసు లెక్క వేరు. 32 వారాలకు పుట్టి ఇప్పుడు 6 నెలలు నిండితే, 40లో తగ్గిన 8 వారాలు తీసేసి 4 నెలల బిడ్డగా చూడాలి. రెండేళ్ళ దాకా ఈ లెక్కే. ఇది తెలియక ఎంతమంది తల్లులు ఉత్తపుణ్యానికి ఏడుస్తారో.

పరీక్షకు: అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ కార్యక్రమం) బృందం, వాళ్ళు పంపే జిల్లా కేంద్రం. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఎన్ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ) ఉంది, చిన్నపిల్లలకు ముందస్తు థెరపీ అక్కడే దొరుకుతుంది. "టెన్షన్ వల్ల ఇలా అయింది" అన్న ముద్ర వేసుకుని వెళ్తే, అసలు కారణం వినికిడో థైరాయిడో అయితే ఆ వెతుకులాట ఆలస్యమవుతుంది.

#17 · బస్తీ_కరపత్రం

అందరికీ దండాలు. చిత్తు ప్రతి ఇది:

"కడుపుతో ఉన్నప్పుడు అప్పుడప్పుడు కోపం, భయం, ఏడుపు రావడం మామూలే. దానివల్ల బిడ్డకు ఏమీ కాదు.
రెండు వారాలకు మించి మానసిక ఆరోగ్యం బాగోలేకపోతే, నిద్ర పట్టకపోతే, అన్నం సహించకపోతే ఆశాకు చెప్పండి. దీనికి వైద్యం ఉంది.
ఇంట్లోవాళ్ళకు: ఆమెను సంతోషంగా ఉండమని చెప్పకండి. నీళ్ళు మోయండి, చెకప్‌కు తోడు వెళ్ళండి, మధ్యాహ్నం గంట పడుకోనివ్వండి.
తలనొప్పి, కళ్ళు మసకలు, బిడ్డ కదలిక తగ్గడం, రక్తం కనబడటం: ఇవి టెన్షన్ కాదు. వెంటనే ఆసుపత్రికి.
హింస ఉంటే: 181."

#18 · పురుడుగది

నాలుగో పేరా పైకి రావాలి, పెట్టె కట్టి. ఉమ్మనీరు పోవడం, 37 వారాల లోపు నొప్పులు కూడా చేర్చండి.

#19 · ఎర్రగడ్డ_పక్కవీధి

"హింస ఉంటే 181" అని విడిగా రాయొద్దు. ఆ కాగితం ఇంటికి పోతుంది, కొట్టేవాడే మొదట చదువుతాడు. 102, 108, 14416, 181 అన్నీ కలిపి "అవసరానికి నంబర్లు" అని ఒక వరసలో వేయండి. ఏది దేనికన్నది మీటింగులో నోటితో చెప్పండి.

#20 · ఆశక్క

"మానసిక ఆరోగ్యం బాగోలేకపోతే" తీసెయ్యి. "రంది తగ్గకపోతే" అని రాయి. ఆ మాట సూడంగనే అర్థమైతది.

#21 · బస్తీ_కరపత్రం

మూడూ మార్చాను. ఒక సందేహం మిగిలింది: ఇంట్లోవాళ్ళకు రాసిన పేరా అత్తగారి దాకా ఎలా చేరుతుంది? మీటింగుకు కోడళ్ళే వస్తారు.

#22 · ఆశక్క

కోడలికి కాయితం ఇయ్యకు, ఆమెకు నోటితోటి చెప్పు. ఇంటికి పోయినప్పుడు కాయితం అత్త చేతికియ్యి, "అమ్మా, మా అక్షరాలు సక్కగ ఉన్నయా లేవా, జర సదివి చెప్పు" అను. గట్టిగ చదువుతది. లోపల ఉన్న కొడుకు కూడ ఇంటడు.